సిటిజన్‌షిప్ వచ్చినాక పాత ఇమిగ్రేషన్ కాగితాలు ఎత్తిపెట్టేదా, తూకానికి వేసేదా?

రామాయపట్నం అడిగింది:

అందరికీ నమస్తే. మా అక్కకి అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది, ఓత్ (పౌరసత్వ ప్రమాణం) కూడా అయిపోయింది. తను వచ్చినప్పుడల్లా తెచ్చిపెట్టిన కాగితాలు రెండు అట్టపెట్టెల నిండా కందుకూరులో అమ్మావాళ్ళ ఇంట్లో ఉన్నాయి. ఇంటికి రంగులు వేయిస్తున్నాం, పెట్టెలు కదల్చాలి. "ఇంక వాటితో పనేముంది, పారేయండి" అంటోంది అక్క. నాన్నేమో ఒక్క కాగితం కూడా తియ్యనివ్వడం లేదు.

పెట్టెల్లో ఉన్నవి ఇవి: స్టూడెంట్ వీసాకి కాలేజీ ఇచ్చిన ఐ-20లు, హెచ్-1బీ ఉద్యోగ వీసా తాలూకు ఐ-797 నోటీసులు ఏడు, అమెరికాలో దిగినప్పుడు ఇచ్చిన తెల్ల ఐ-94 చీటీలు, రెండు ఈఏడీ (వర్క్ పర్మిట్) కార్డులు, గ్రీన్ కార్డు కోసం వేసిన పర్మ్, ఐ-140, ఐ-485 ఫైలు మొత్తం, గ్రీన్ కార్డు జిరాక్సులు, సిటిజన్‌షిప్ దరఖాస్తు ఎన్-400 ప్రింటు, గడువు తీరిన మొదటి ఇండియా పాస్‌పోర్టు, ఏడాది జీతం, ట్యాక్సు చూపించే డబ్ల్యూ-2లు, లెక్కలేనన్ని పే స్లిప్పులు. ఇప్పటి ఇండియా పాస్‌పోర్టు అక్క దగ్గరే ఉంది, ఇంకా సరెండర్ చేయలేదు. ఓసీఐ (వేరే దేశం పౌరులైన మనవాళ్ళకు ఇండియా ఇచ్చే కార్డు) తీసుకోవాలి. నాన్న పేరు మీద చెరువు కింద మూడెకరాల మాగాణి ఉంది. ముందుముందు నన్ను స్పాన్సర్ చేస్తానని కూడా అంటోంది. వీటిలో ఏది ఉంచాలి, ఏది తీసేయొచ్చు?

---

పెన్నాగట్టు:

తమ్ముడూ, ఇద్దరూ సగం సగం కరెక్టే. కాగితం గడువు చూసి తేల్చే పని కాదిది. ఒక్కో కాగితం చేతిలోకి తీసుకుని, ఇది ఎవరిని ఎవరితో కలుపుతోంది అని చూడండి. కందుకూరులో పుట్టిన అమ్మాయి, ఇండియా పాస్‌పోర్టులో ఉన్న మనిషి, అమెరికా సర్టిఫికెట్‌లో ఉన్న మనిషి ఒక్కరేనని చూపించే కాగితం దేన్నీ పారేయకూడదు. ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ దాకా ఉండొచ్చు, పని చేసుకోవచ్చు అని మాత్రమే చెప్పేవాటికి ఇప్పుడు పని తక్కువ.

అన్నిటికన్నా ముందు నాచురలైజేషన్ సర్టిఫికెట్, అంటే ఎన్-550. అది పోతే ఎన్-565 వేసి మళ్ళీ తెప్పించుకోవాలి, ఫీజు 500 డాలర్ల పైమాటే, నెలల తరబడి ఎదురుచూపు. అందులో పేరు గానీ పుట్టినతేదీ గానీ తప్పు పడి, ఆ తప్పు ఇమిగ్రేషన్ ఆఫీసు వాళ్ళదే అయితే ఫీజు లేకుండా సరిచేస్తారు. ఆ తప్పు వాళ్ళదని చూపించేది మీ ఎన్-400 కాపీ. అందుకే ఎన్-400 ఉండాలి. దీనికి ఇంతకన్నా పెద్ద కారణం ఇంకోటి ఉంది, కింద చెప్తా.

సర్టిఫికెట్ మీద అక్క సంతకం చేసిందో లేదో చూడమనండి. లామినేషన్ మాత్రం చేయించొద్దు. మన ఊళ్ళలో టెన్త్ మార్కుల లిస్టు దగ్గర్నుంచి పట్టా దాకా అన్నీ లామినేషన్ చేయించే అలవాటు. అది చేస్తే కాగితంలోని భద్రతా గుర్తులు పరీక్షించేదానికి వీలుండదు, చెల్లదని వెనక్కిచ్చే ప్రమాదం ఉంది.

ఆ సర్టిఫికెట్ మీద, తగిన అధికారం లేకుండా కాపీ తీస్తే శిక్షార్హం అని అచ్చు వేసి ఉంటుంది. అది చూసి జిరాక్సుకే భయపడతారు చాలామంది. పాస్‌పోర్టుకి, ఓసీఐకి జిరాక్సు కూడా అడుగుతారు. చట్టబద్ధమైన పనికి కాపీ తీసుకుంటే తప్పు లేదు. మోసానికి వాడితే నేరం.

అసలు గ్రీన్ కార్డు ఓత్ రోజునే ఎన్-445 ఫారంతో పాటు ఇచ్చేసి ఉంటుంది, కాబట్టి ఆ జిరాక్సులే మీకు మిగిలినవి. ముందు వైపు, వెనక వైపు రెండూ ఉన్నది ఒకటి ఉంచి మిగతావి తీసేయండి. దాని మీద "రెసిడెంట్ సిన్స్" తేదీ ఉంటుంది, అది చాలాచోట్ల అడుగుతారు.

ఐ-797లలో అప్రూవల్ నోటీసులు ఒక్కొక్కటి ఉంచండి. ఏడు కాగితాలు, వేలెడు మందం కూడా ఉండదు. జాగా తినేవి పే స్లిప్పులు, ఒకే ఐ-485 ఫైలుకి తీసిన మూడేసి కాపీలు. తీసేయాల్సింది వాటినే.

డబ్ల్యూ-2లు పారేయొద్దు. అవి ఇమిగ్రేషన్ కాగితాలు కావు, సోషల్ సెక్యూరిటీ కాగితాలు. రేపు రిటైరయినాక పింఛను రావాలంటే 40 క్రెడిట్లు, అంటే సుమారు పదేళ్ళ సంపాదన లెక్కలో ఉండాలి. సోషల్ సెక్యూరిటీ ఆఫీసు (ఎస్ఎస్ఏ) ఆన్‌లైన్ ఖాతాలో ఏడాది ఏడాదికి చూపించే మొత్తాన్ని డబ్ల్యూ-2తో సరిపోల్చమనండి. తప్పుంటే సరిదిద్దుకునేదానికి మామూలు గడువు ఆ ఏడాది ముగిసినాక 3 ఏళ్ళ 3 నెలల 15 రోజులు. గడువు దాటినా డబ్ల్యూ-2 చేతిలో ఉంటే కొన్ని సందర్భాల్లో సరిచేస్తారు. అది లేకపోతే వాదించేదానికి ఆధారమే ఉండదు. ఎటూ ఎస్ఎస్ఏ ఆఫీసుకి పోయి, సిటిజన్ అయ్యానని రికార్డు మార్పించుకోవాలి. ఓత్ అయిన పది రోజుల తరవాత పోతే మంచిది.

---

పులికాట్_కొంగ:

ఇంత అవసరమా? అమెరికా ప్రభుత్వం దగ్గర ఏ-ఫైల్ అని ఒకటి ఉంటుంది, అక్క ఏ-నంబర్ (ఇమిగ్రేషన్ వాళ్ళిచ్చిన నంబరు) మీద అన్నీ అందులోనే ఉంటాయి. కావాల్సినప్పుడు ఎఫ్ఓఐఏ (అమెరికా సమాచార హక్కు చట్టం) కింద ఆన్‌లైన్లో అడిగితే పీడీఎఫ్ పంపుతారు. సర్టిఫికెట్, పాస్‌పోర్టు రెండూ ఉంచుకుని మిగతాది తగలబెట్టేయొచ్చు.

---

గుండ్లకమ్మ:

పులికాట్ గారూ, ఏ-ఫైల్ ఉండే మాట నిజమే, అడిగితే ఇచ్చేదీ నిజమే. కానీ దాన్ని నమ్ముకుని తగలబెట్టొద్దు. ఆ ఫైల్లో ఉండేది వాళ్ళకు చేరిన కాగితం మాత్రమే. రద్దయిన ఇండియా పాస్‌పోర్టు, డబ్ల్యూ-2లు, ఇండియా వాళ్ళిచ్చే సరెండర్ సర్టిఫికెట్ అందులో వెతికితే ఎక్కడ దొరుకుతాయి? వచ్చే పీడీఎఫ్‌లో కూడా కొన్ని పేజీలు నల్లగా కొట్టేసి వస్తాయి. పైగా ఎప్పుడొస్తుందో మన చేతిలో లేదు. ఓసీఐ అపాయింట్‌మెంట్ ఎల్లుండి పెట్టుకుని ఇవాళ ఎఫ్ఓఐఏ వేస్తే ఏం లాభం?

ఎన్-400 గురించి పెన్నాగట్టు గారు వదిలిన పెద్ద కారణం ఇదే అనుకుంటా. మోసం చేసి గానీ, ముఖ్యమైన సంగతి కావాలని దాచి గానీ పౌరసత్వం తెచ్చుకున్నారని తేలితే దాన్ని రద్దు చేయమని ప్రభుత్వం సివిల్ కోర్టుకి పోవచ్చు. ఆ సివిల్ కేసుకి కాలపరిమితి లేదు. నిజం రాసినవాళ్ళు భయపడాల్సిన పని లేదు గానీ, ఏం రాశారో తమ దగ్గర ఉండాలి. వేసిన ఎన్-400 మొత్తం, దాంతో పెట్టిన ప్రయాణాల పట్టిక, ఎప్పుడైనా ట్రాఫిక్ కేసులో కోర్టుకి పోయి ఉంటే ఆ కోర్టు ఇచ్చిన తుది కాగితం, విడాకులు ఉంటే ఆ డిక్రీ. ఇవి జీవితాంతం ఉంచాలి. ఇంటర్వ్యూలో ఆఫీసర్ ఏదన్నా దిద్దించి ఉంటే అది కూడా ఆ కాపీ మీద పెన్సిల్‌తో రాసి పెట్టుకోమనండి.

అక్క ఎప్పుడైనా ఫెడరల్ ఉద్యోగానికో, సెక్యూరిటీ క్లియరెన్స్ కావాల్సిన కంపెనీకో పోతే ఎస్ఎఫ్-86 అనే వివరాల ఫారం నింపాలి. పదేళ్ళ చిరునామాలు, విదేశీ ప్రయాణాలు, సర్టిఫికెట్ నంబరు, పాత దేశపు పాస్‌పోర్టు వివరాలు అన్నీ అడుగుతారు. అప్పుడు ఈ పెట్టెలే దిక్కు.

పిల్లలు ఉన్నారా? మీరు రాయలేదు. 18 ఏళ్ళ లోపు పిల్లలు గ్రీన్ కార్డు మీద ఆమె దగ్గరే ఉంటూ ఉంటే, ఆమెకు వచ్చిన రోజునే వాళ్ళూ సిటిజన్లు అయిపోతారు. 2001 ఫిబ్రవరి 27 నుంచి అమల్లో ఉన్న చట్టం అది. ఆ పిల్లల పేరున సర్టిఫికెట్ దానంతట అది రాదు. కావాలంటే ఎన్-600 వేయాలి, దాని ఫీజు 1300 డాలర్లు దాటుతుంది. చాలామంది పాస్‌పోర్టుతో సరిపెట్టుకుంటారు. అలాంటప్పుడు ఆ బిడ్డ సిటిజన్‌షిప్‌కి రుజువు తల్లి సర్టిఫికెట్, బిడ్డ గ్రీన్ కార్డు, బర్త్ సర్టిఫికెట్, ఆ రోజుకి ఒకే ఇంట్లో ఉన్నట్టు స్కూలు కాగితం, ఇంతే. పిల్లల గ్రీన్ కార్డు కాగితాలు తల్లి కాగితాలకన్నా జాగ్రత్తగా ఎత్తిపెట్టాలి.

---

రామాయపట్నం:

పిల్లలిద్దరూ అక్కడే పుట్టారండి, కాబట్టి ఆ బాధ లేదు. ఇంకో సందేహం. మొదటి పాస్‌పోర్టులో పుట్టిన ఊరు "కందుకూరు" అని, బర్త్ సర్టిఫికెట్‌లో ప్రకాశం జిల్లా అని ఉంది. మొన్న నేను నాది కొత్తగా తీయిస్తే నెల్లూరు జిల్లా అని వచ్చింది. తోబుట్టువులమని చూపించేటప్పుడు ఇది అడ్డమొస్తుందా? అక్క కాగితాల్లో ఇంటిపేరు పూర్తిగా ఉంది, నా టెన్త్ సర్టిఫికెట్‌లో ఒక్క అక్షరమే ఉంది.

---

పాత_నెల్లూరు:

జిల్లా తేడా మన వైపు వాళ్ళందరికీ ఉండేదే. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి మొదట నెల్లూరు జిల్లాలోవి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందులో కలిశాయి. 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో కందుకూరు మళ్ళీ నెల్లూరు జిల్లాలోకి వచ్చింది. చీరాల, అద్దంకి వైపు వాళ్ళకైతే గుంటూరు, ప్రకాశం, బాపట్ల అని మూడు పేర్లు. 1953 అక్టోబరుకు ముందు పుట్టిన పెద్దవాళ్ళ కాగితాల్లో రాష్ట్రం మద్రాసు. ఊరు ఒక్కటే, కాగితం మీద జిల్లాలే మారాయి.

కాబట్టి కొత్త సర్టిఫికెట్ వచ్చిందని పాతది పారేయడం పెద్ద పొరపాటు. రెండూ కలిపి ఉంచండి. జిల్లాల పునర్విభజన గెజిట్ నోటిఫికేషన్ కాపీ ఒకటి దించుకుని వాటితో జతచేయండి. అడిగినప్పుడు ఒక చిన్న వివరణ రాసి దాన్ని వెనక పెడితే సరిపోతుంది. అమెరికా పాస్‌పోర్టులో పుట్టిన చోటు దగ్గర ఇండియా అని దేశం పేరు మాత్రమే వేస్తారు. అంటే అక్క పాస్‌పోర్టులన్నిటిలో కందుకూరు అనే మాట ఉండేది ఆ పాత ఇండియా పాస్‌పోర్టుల్లోనే.

వాటి చివరి పేజీ చూడండి. తండ్రి పేరు, తల్లి పేరు, ఇంటి చిరునామా ఉంటాయి. అమెరికా పాస్‌పోర్టులో ఇవేవీ ఉండవు.

తోబుట్టువుల పిటిషన్ అంటే ఐ-130, ఎఫ్4 వర్గం. అక్క బర్త్ సర్టిఫికెట్, మీ బర్త్ సర్టిఫికెట్ రెండింట్లోనూ తల్లీ తండ్రీ ఒకరేనని కనపడాలి. చూసేది జిల్లా కాదు, అమ్మానాన్నల పేర్లు. "వెంకటసుబ్బమ్మ" ఒకదాంట్లో, "సుబ్బమ్మ" ఒకదాంట్లో ఉంటేనే ఇబ్బంది. ఇంటిపేరు పొడి అక్షరం అయితే, ఆ అక్షరం ఈ ఇంటిపేరుదేనని అఫిడవిట్, దానికి తోడుగా స్కూలు రికార్డు పెట్టుకోవచ్చు. వీలైతే మీ పాస్‌పోర్టులో ఇప్పుడే ఇంటిపేరు పూర్తిగా వేయించండి. అమెరికా వీసాలో పేరు ఖాళీ వస్తే ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వేస్తారు, దాన్ని సరిచేసుకోవడం తరవాత పెద్ద పని.

ఆశ పెట్టుకునే ముందు ఒకటి తెలుసుకోండి. ఇండియాకి ఎఫ్4 వరస పదిహేనేళ్ళు దాటి నడుస్తోంది. కాబట్టి ఇవాళ వేస్తే ఆ రసీదు నోటీసు, అప్రూవల్ నోటీసు రెండూ అన్నేళ్ళూ భద్రంగా ఉండాలి. రెండూ ఎందుకంటే, మీ పిల్లలు 21 దాటారా లేదా (దాటితే మీతోపాటు రాలేరు) అని చూసేటప్పుడు పిటిషన్ ఎన్ని రోజులు పెండింగులో ఉందో ఆ రోజులు వాళ్ళ వయసులోంచి తీసేసి లెక్క కడతారు. రసీదు తేదీకి, అప్రూవల్ తేదీకి మధ్య ఉన్నవే ఆ రోజులు. ఒక నోటీసు పోతే ఆ లెక్క తేల్చుకునేదానికి ఇబ్బంది పడతారు.

అమ్మానాన్నలకు వేసేదైతే వరస ఉండదు. తల్లికి వేసేటప్పుడు అక్క బర్త్ సర్టిఫికెట్ చాలు. తండ్రికి వేసేటప్పుడు వాళ్ళిద్దరి పెళ్ళి రుజువు కూడా అడుగుతారు. అప్పటి పెళ్ళిళ్ళు రిజిస్టరు కానివే ఎక్కువ. శుభలేఖ, పెళ్ళి ఫొటోలు ఉంటే వాటిని కూడా ఈ ఫైల్లోనే పెట్టండి.

---

అడంగల్_1బీ:

మూడెకరాల మాగాణి మాట ఎవరూ ఎత్తలేదు, అందుకని రాస్తున్నా.

ఓసీఐ వాళ్ళు వ్యవసాయ భూమి కొనకూడదు. దానంగా కూడా తీసుకోకూడదు. మన వైపు తండ్రి బతికుండగానే కూతురి పేరున గిఫ్ట్ డీడో సెటిల్మెంటో రాయించేయడం మామూలు. అక్క విషయంలో అది ఫెమా (విదేశీ మారక చట్టం) నియమాలకు విరుద్ధం, తరవాత అమ్మేటప్పుడు బయటపడుతుంది. వారసత్వంగా అయితే తీసుకోవచ్చు. వీలునామా రాస్తే మేలు.

ఆ రోజు వచ్చినప్పుడు తహసీల్దారు దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, మ్యుటేషన్ కావాలి. పాసు పుస్తకంలో ఉన్న ఆయన కూతురు, ఈ అమెరికా పాస్‌పోర్టు ఆమె ఒకటేనని చూపించాలి. పెళ్ళయ్యాక అక్క ఇంటిపేరు మారి ఉంటే ఇంకా కష్టం. అప్పుడు పని చేసేది ఆ గడువు తీరిన మొదటి పాస్‌పోర్టు: పుట్టింటి పేరు, తండ్రి పేరు, కందుకూరు, ఫొటో అన్నీ ఒకేచోట ఉంటాయి. టెన్త్ సర్టిఫికెట్, పెళ్ళి సర్టిఫికెట్, ఓత్ రోజు కోర్టులో పేరు మార్చుకుని ఉంటే ఆ ఉత్తర్వు దానికి జత చేయాలి.

అక్క అమెరికా పోకముందు, ఇక్కడ ఉన్నప్పుడే తన పేరున భూమి కొని ఉంటే దాన్ని అలాగే ఉంచుకోవచ్చు. కొన్న నాటికి ఇక్కడే ఉన్నట్టు చూపించేది మొదటిసారి విమానం ఎక్కిన రోజు ఇమిగ్రేషన్ వాళ్ళు కొట్టిన ముద్ర. అది ఆ పాత పాస్‌పోర్టులో ఉంటుంది. దాన్ని పారేయమన్నదా అక్క?

ఇప్పటి పాస్‌పోర్టు సంగతి. అమెరికా పౌరసత్వం తీసుకున్న రోజునే 1955 చట్టం సెక్షన్ 9 కింద ఇండియా పౌరసత్వం పోయినట్టే. గడువు ఎంత మిగిలి ఉన్నా ఆ పాస్‌పోర్టు మీద ప్రయాణం చేయకూడదు, చేస్తే జరిమానా పడుతుంది. వీఎఫ్ఎస్ అనే ఏజెన్సీ ద్వారా సరెండర్ చేస్తే రద్దు ముద్ర కొట్టి వెనక్కిస్తారు, దాంతో సరెండర్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ సర్టిఫికెట్ లేకుండా ఓసీఐ రాదు. పంపే ముందు అన్ని పేజీలూ స్కాన్ చేయించండి, ఖాళీ పేజీలు కూడా.

ఇంకో రెండు పనులు ఉన్నాయి. ఓటరు లిస్టులో అక్క పేరు ఉంటే ఫారం-7 ఇచ్చి తీయించండి, ఆ రసీదు ఉంచండి. బ్యాంకులో మామూలు సేవింగ్స్ ఖాతా ఉంటే ఎన్ఆర్ఓగా (విదేశాల్లో ఉండేవాళ్ళ ఖాతాగా) మార్పించండి. ఇండియా ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఎప్పుడైనా 10,000 డాలర్లు దాటితే అమెరికా ప్రభుత్వానికి ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరం) వేయాలి, వాటి స్టేట్‌మెంట్లు అయిదేళ్ళు ఉంచాలి.

---

మైపాడు_ఇసుక:

ఏవి ఉంచాలో పెద్దలు చెప్పారు. ఎక్కడ, ఎట్లా ఉంచాలో నేను చెప్తా.

అమెరికా వాళ్ళిచ్చిన ఒరిజినల్స్ కందుకూరులో పెట్టొద్దు. వాటి అవసరం వచ్చేది అక్కకి, అక్కడ. ఈసారి వచ్చినప్పుడు ఎన్-400, ఐ-797లు, డబ్ల్యూ-2లు, పాత పాస్‌పోర్టు చేతి సంచిలో తీసుకుపోవాలి. లగేజీలో వేయొద్దు, కొరియర్ వద్దు. భూమి పనికి కావాల్సిన స్కాన్లు, కాపీలు నాన్న దగ్గర ఉంటే చాలు.

ముందు గుండు పిన్నులు, స్టేప్లర్ పిన్నులు, క్లిప్పులు అన్నీ పీకేయండి. సముద్రపు గాలికి రెండు వానాకాలాల్లో తుప్పు పట్టి కాగితాన్ని తినేస్తాయి. తెల్ల ఐ-94 చీటీ పాస్‌పోర్టుకి పిన్ను కొట్టి ఉంటే పిన్ను తీసి, చీటీని ఆ పేజీలోనే వదులుగా పెట్టండి. రంగుల స్కాన్, 300 డీపీఐ, వెనక వైపుతో సహా. కొరియర్ రసీదు, కౌంటర్ రసీదు లాంటి నున్నటి కాగితం మీద అచ్చు కొన్నేళ్ళకే తెల్లబడిపోతుంది, ముందు వాటిని స్కాన్ చేయండి.

మెత్తగా వాసనొచ్చే పీవీసీ కవర్లు వాడొద్దు, జిరాక్సు సిరా వాటికి అంటుకుని ఊడొస్తుంది. పాలీప్రొపిలీన్ కవర్లని స్టేషనరీ షాపులో అడగండి, పట్టుకుంటే గరగరలాడతాయి. కవర్‌కి ఒక్క కాగితమే. అట్టపెట్టె మాత్రం వద్దే వద్దు, చెదకు అదే మొదటి తిండి. ఇనప బీరువాలో, కింది అరలో కాకుండా పైన పెట్టండి. బీరువా గోడకి నాలుగు వేళ్ళు ఎడంగా ఉండాలి. సిలికా జెల్ పొట్లాలు వేసి అక్టోబరు వానలకు ముందు మార్చండి. వేపాకు వేస్తారు గదా, పచ్చిది వేస్తే దాని చెమ్మే కాగితానికి ఎక్కుతుంది.

రంగులు ఆరేదాకా పెట్టెలు ఆ గదిలోకి తేవొద్దు.

తీసేసేవి: పే స్లిప్పులు, ఐ-485 కాపీల్లో రెండోది మూడోది, ఐ-20ల్లో ప్రతి కాలేజీకి చివరిది తప్ప మిగతావి, ఖాళీ ఫారాలు, సూచనల కాగితాలు. ట్యాక్స్ రిటర్న్‌కి పెట్టిన రసీదులు మామూలుగా మూడేళ్ళు దాటితే చాలు. ఈఏడీ కార్డులు రెండు వైపులా స్కాన్ చేసినాక కత్తిరించేయొచ్చు. ఏదైనా తీసేసే ముందు ఒక తెల్ల కాగితం మీద ఏ-నంబరు, ప్రతి రసీదు నంబరు, అమెరికాలో దిగిన తేదీ, బయల్దేరిన తేదీ వరసగా రాసుకోండి. రసీదు నంబరంటే మూడు అక్షరాలు, పది అంకెలు. ఒక్క అంకె తప్పు రాసినా పనికిరాదు, ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి.

తూకానికి మాత్రం వేయొద్దు. ఆ పే స్లిప్పుల మీద అక్క సోషల్ సెక్యూరిటీ నంబరు, బ్యాంకు ఖాతా ఉంటాయి. తూకానికి పోయిన కాగితం రేపు ఏ అంగట్లో పొట్లమై ఎవరి చేతికి పోతుందో తెలియదు. అడ్డంగా నిలువుగా రెండు రకాలా కత్తిరించే ష్రెడ్డర్ ఉంటే దాంట్లో వేయండి. లేదంటే బకెట్ నీళ్ళలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి గుజ్జు చేయండి. కట్టగా తగలబెడితే అంచులే కాలి మధ్యలో అక్షరాలు చదవగలిగేటట్టు మిగులుతాయి. తగలబెట్టేదే అయితే ఒక్కో కాగితం విడదీసి వేయండి.